నీటిలో ఉన్నట్లు భావించవలెను

తుమ్మలరేవు పురపాలక సంఘానికి సొంతంగా ఒక ఈతకొలను ఉన్న సంగతి ఊళ్ళో సగం మందికి తెలియదు. పురపాలక సంఘం ఆఫీసులోనైతే ముప్పాతిక మందికి తెలియదు. చేపల మార్కెట్టు వెనక చుట్టూ ప్రహరీ, ప్రహరీ మీద గాజుపెంకులు, లోపల నీలం పలకలు పరిచిన గొయ్యి, గొయ్యి నిండా నీళ్ళు. ఎప్పుడో, ఎవరో, ఎందుకో కట్టించారు. ప్రారంభోత్సవం రాయి మీద పదిహేడు పేర్లున్నాయి గాని, ఆ పదిహేడు మందిలో ఒక్కరైనా అందులో కాలు పెట్టిన దాఖలా లేదు.

కాలు పెట్టినదల్లా కనకమాణిక్యం గారూ, ఆవిడ జట్టు పదిమందీ. పొద్దున్న ఆరు నుంచి ఏడు దాకా వయోవృద్ధుల గంట. పదిమందీ ఛాతీలోతు నీళ్ళలో నిలబడి షుగరు గురించీ, బీపీ గురించీ, కోడళ్ళ గురించీ మాట్లాడుకునేవారు. మాణిక్యం గారు మాత్రం నాట్యం చేసేవారు.

ఆవిడకి అరవై తొమ్మిదేళ్ళు. ముప్పై నాలుగేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చుని ట్రంకు కాల్స్ కలిపారు. కూర్చుని కూర్చుని మోకాళ్ళు పోయాయి. నేల మీద ఆవిడ ప్రయాణం చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. వీధరుగు నుంచి గేటు దాకా చేతికర్రతో రావడానికి మూడు చోట్ల ఆగాలి. అదే మనిషి నీళ్ళలో దిగితే చూడాలి! కాలవ గట్టున పుట్టి, నడక కంటే ముందు ఈత నేర్చిన ఒళ్ళు. వెల్లకిలా తేలి చేతులు రెక్కల్లా విప్పేవారు. ఒంటికాలు పైకెత్తి గుండ్రంగా తిరిగేవారు. తలకిందులుగా మునిగి పాదాలు రెండూ నీటిపైకి తెచ్చి, ఆ పాదాలతోనే తాళం వేసేవారు. పన్నెండేళ్ళుగా పీట మీద కూర్చోనివ్వని మోకాళ్ళు నీళ్ళలో నోరెత్తేవి కావు.

ట్రంకు కాల్స్ కాలంలో పొరుగూరి మనిషితో మాట మూడు నిమిషాల లెక్కన నడిచేది. మూడో నిమిషం నిండగానే "మూడు నిమిషాలయ్యాయండీ" అని మధ్యలో దూరి చెప్పడం మాణిక్యం గారి ఉద్యోగం. పెళ్ళి కుదిరిన కబుర్లూ, పురుడొచ్చిన కబుర్లూ, ఏడుపులూ, అన్నీ మూడు నిమిషాలకి తెగ్గొట్టారు. ఊళ్ళో అందరి మూడు నిమిషాలూ ఆవిడ చేతి మీదుగా వెళ్ళాయి గాని, ఆవిడకంటూ ఒక మూడు నిమిషాలు ఇచ్చిన పాపాన ఎవరూ పోలేదు. అందుకేనేమో, నీళ్ళలో ఆవిడ కట్టుకున్న నాట్యం గడియారం చూడకుండానే సరిగ్గా మూడు నిమిషాలకి ముగిసేది.

ఇలా ఉండగా కమిషనరు పరాంకుశం గారు విదేశీ పర్యటన నుంచి తిరిగొచ్చారు. చెత్త నిర్వహణ అధ్యయనం చేసి రమ్మని పన్నెండు రోజులు పంపిస్తే, ఆయన హోటల్ గదిలో టీవీ పెట్టుకుని డెబ్భై ఏళ్ళ దొరసాని ఒకావిడ సంగీతానికి తగ్గట్టు ఒంటరిగా నీళ్ళలో విన్యాసాలు చేయడం చూశారు. చెత్త సంగతి విమానంలోనే మరిచిపోయారు. దొరసాని మాత్రం మనసులో ఉండిపోయింది.

వచ్చిన వారంలోనే కొలను గట్టున షామియానా వేయించి, వృద్ధులని కుర్చీల్లో కూర్చోబెట్టారు.

"పెద్దలారా! వృద్ధులు మన సంపద. సంపదను మూల పెట్టరాదు, పదిమందికీ చూపించాలి. కనుక మన పురపాలక సంఘం ఆధ్వర్యంలో, రాష్ట్రంలోనే తొలిసారిగా, వయోవృద్ధుల ఏకవ్యక్తి కళాత్మక జలవిన్యాస పోటీ నిర్వహించ సంకల్పించాం!" అన్నారు కమిషనరు గారు.

మాణిక్యం గారు, ఇన్నాళ్ళకి తన మూడు నిమిషాలు తనకి వస్తున్నాయనుకున్నారు.

"అంతేకాదు. ఈ పోటీ చరిత్రలో నిలిచిపోయేలా, పోటీ ముగిసిన మరుక్షణం ఈ కొలనును పూడ్చి, ఇదే స్థలంలో చురుకైన వృద్ధాప్య భవనం నిర్మిస్తాం. గోడల నిండా మీరు ఈదుతున్న ఫొటోలు పెడతాం!"

చప్పట్లు కొట్టబోయిన చేతులు గాల్లో ఆగిపోయాయి. మాణిక్యం గారి పక్కన కూర్చున్నది ఎస్తేరు రాణి, పెద్దాసుపత్రిలో నర్సుగా రిటైరైన మనిషి, మొహమాటం ఎరగదు. ఆవిడ లేచి నిలబడింది.

"పూడ్చేస్తే మరి ఈత ఎక్కడ కొట్టాలండీ?"

"ఫొటోల్లో కొడుతూనే ఉంటారు కదమ్మా, శాశ్వతంగా!" అన్నారు కమిషనరు గారు, ఆ మాట తనకే నచ్చి.

ఇంటికి వెళ్ళేటప్పుడు రిక్షాలో ఎస్తేరు రాణి తిట్టని తిట్టు లేదు. మాణిక్యం గారు మాత్రం మెల్లగా అన్నారు: "నేను పోటీలో దిగుతానే ఎస్తేరూ. ఆ మూడు నిమిషాలూ కళ్ళారా చూశాక ఆ నీళ్ళలో మట్టి పోయించడానికి ఎవరికైనా మనసొస్తుందా, చెప్పు?"

"వాళ్ళకా? మట్టితో పాటు నిన్నూ పోసేస్తారు" అంది ఎస్తేరు రాణి.

పోటీ నిబంధనలు రాసే బాధ్యత ఆఫీసు సూపరింటెండెంటు భీమశంకరం గారి మీద పడింది. ఆయన ఇరవై రెండేళ్ళు పెన్షన్ల సెక్షనులో పని చేశారు. ఏటా నవంబరు రాగానే పెన్షనరు వచ్చి, యంత్రం మీద వేలిముద్ర వేసి, తను బ్రతికే ఉన్నానని రుజువు చేసుకోవాలి కదా. ఆ ముద్రలు చూసీ చూసీ భీమశంకరం గారికి ఒక సత్యం బోధపడింది. లోకంలో ముసలివాళ్ళు రెండే రకాలు: బ్రతికి ఉన్నట్లు రుజువైనవారు, ఇంకా రుజువు కావలసినవారు. ఎదురుగా నిలబడి దగ్గడం రుజువు కిందికి రాదు.

ఆయనకి ఇష్టమైన మాట 'భావించవలెను'. లేనిది ఉన్నట్లు, ఉన్నది లేనట్లు భావిస్తే తప్ప ఏ ఫైలూ కదలదని ఆయన అనుభవం. ఇల్లాలు వండిన కూరలో ఉప్పు లేకపోతే ఉన్నట్లు భావించి లేచిపోయేవారట. ఆ మాట ఊతంతోనే పదకొండు రోజులు కష్టపడి నలభై ఒక్క నిబంధనలు రాసి, పచ్చ అట్ట వేయించి, పోటీదారులందరికీ పంచిపెట్టారు.

మొదటి చిక్కు ఆరో నిబంధన దగ్గరే వచ్చింది. 'ఇది ఏకవ్యక్తి పోటీ అగుటచే, కొలనునందు పోటీదారు తప్ప అన్యులు ఉండరాదు.' బాగానే ఉంది. కాని ఏడో నిబంధన, 'అరవై సంవత్సరములు పైబడినవారు నీటిలో నుండగా ప్రాణరక్షకుడు అదే నీటిలో ఉండి తీరవలెను' అంటోంది. రెండూ ఎలా కుదురుతాయని కమిషనరు గారు తల పట్టుకుంటే, భీమశంకరం గారు చిరునవ్వు నవ్వి అక్కడికక్కడే మరో వాక్యం చేర్చారు: 'ప్రాణరక్షకుడు నీటిలో ఉన్నను, లేనట్లు భావించవలెను.'

ఆ ప్రాణరక్షకుడు నూకరాజు. వాళ్ళ నాన్న ఆ ఉద్యోగంలో ఉండగా టైఫాయిడ్‌తో పోతే, కారుణ్య నియామకం కింద నూకరాజుకిచ్చారు. పదహారేళ్ళ సర్వీసులో అతను గట్టు దిగలేదు. ఈత రాదు. ఆ ముక్క దరఖాస్తులో ఎవరూ అడగలేదు.

"నేను దిగనండీ బాబూ! నాకు నీళ్ళంటే సచ్చేంత బయ్యవండి. మునిగిపోతే నన్నెవరు తీత్తారండీ?" అని భీమశంకరం గారి టేబులు పట్టుకుని వేలాడాడు.

"లేనివాడు ఎలా మునుగుతాడయ్యా?" అన్నారు భీమశంకరం గారు, తల ఎత్తకుండా.

నూకరాజు బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని దీని గురించి చాలాసేపు ఆలోచించాడు. ఎంత ఆలోచించినా ధైర్యం రాలేదు. చివరికి మాణిక్యం గారే అతన్ని పిలిచి, "రేపట్నించి ఆరింటికి దిగరా అబ్బాయ్, తేలడం నేర్పుతాను. నన్ను కాపాడ్డానికి నువ్వు బతికుండాలి కదా" అన్నారు.

పదకొండు మందీ పోటీకి పేర్లిచ్చారు. పోటీ నాటికి పదిమంది రాలిపోయారు, అదీ నీళ్ళలో దిగకుండానే. ఒకాయన సజీవ ధ్రువపత్రం తెచ్చారు గాని దాని మీద నిన్నటి తేదీ ఉంది. "నిన్న బ్రతికి ఉన్నారు, సంతోషం. ఇవాళ్టి సంగతి?" అని తిప్పి పంపారు. మరొకాయనకి భార్య అభ్యంతరం లేదని సంతకం పెట్టనంది. ఇంకొకావిడ పుట్టిన తేదీ రుజువు చేయడానికి తన కంటే పెద్దవాళ్ళు ఇద్దరు సాక్షులు కావాలన్నారు. ఆవిడకి తొంభై ఒకటి.

మిగిలినవాళ్ళని మునక దరఖాస్తు ముంచింది. పోటీదారు నీటిలో ఎన్నిసార్లు మునుగుతారో, ఏ నిమిషంలో మునుగుతారో, ఏ కారణం చేత మునుగుతారో ముందుగా రాసి అనుమతి పొందాలి. కారణం గడిలో ఎస్తేరు రాణి 'నా ఇష్టం' అని రాసింది. ఆవిడ దరఖాస్తు ఆ పూటే తిరస్కరించారు. మాణిక్యం గారు తొమ్మిది మునకలకీ 'కళ' అని రాసుకుని భీమశంకరం గారి ముందు నిలబడ్డారు.

"కళ జాబితాలో లేదమ్మా. నాలుగే కారణాలు. స్నానం, పుణ్యస్నానం, ఇతరులను రక్షించుట, ప్రమాదవశాత్తు."

"పోనీ పుణ్యస్నానం అని రాయమంటారా?"

"రాయవచ్చు. కాని దానికి పుష్కరాలు ప్రకటించి ఉండాలి. పన్నెండేళ్ళకోసారి."

"మరేం చేయమంటారండీ?"

ఆయన ఎంతో దయగా కళ్ళజోడు సవరించుకున్నారు. "ప్రమాదవశాత్తు అని రాసేయండమ్మా. అందరూ అదే రాస్తారు."

ఆ విధంగా, పోటీ రోజు, వీణ మొదలైన క్షణం నుంచి మూడు నిమిషాల లోపల, కనకమాణిక్యం గారు తొమ్మిదిసార్లు ప్రమాదవశాత్తు మునగడానికి పురపాలక సంఘం ముందస్తు అనుమతి మంజూరు చేసింది. ప్రతి ప్రమాదానికీ సైరన్ వేయడానికి ఒక అంబులెన్సును కూడా ఏర్పాటు చేసింది.

అంతా అయ్యాక కమిషనరు గారికి ఒక సందేహం వచ్చింది. సందేహం రావడం ఆయనకి అలవాటు, తీర్చడం భీమశంకరం గారి వంతు.

"అవును గానీ భీమశంకరం గారూ, పోటీదారు మునుగుతారు. మునిగాక మన కంటికి కనబడరు. పైకి వచ్చినది మునిగినవారేనని గ్యారంటీ ఏమిటి? సజీవంగా వచ్చారని రుజువేమిటి?"

భీమశంకరం గారి కళ్ళు మెరిశాయి. ఇరవై రెండేళ్ళ అనుభవమంతా ఈ ప్రశ్న కోసమే కూడబెట్టినట్టు అనిపించింది ఆయనకి. పదమూడు నుంచి పదిహేను దాకా పాత నిబంధనలు కొట్టేసి, అప్పటికప్పుడు కొత్తవి రాసి, పచ్చ పుస్తకాలన్నిట్లో అతికించారు.

'13. పోటీదారు నీటి నుండి వెలువడిన ఐదు నిమిషముల లోపల, గట్టుపై అమర్చిన యంత్రమునందు వేలిముద్ర వేయవలెను. ఆరిన వేలు చెల్లదు. ఏలయనగా, ఆరిన వేలు నీటి నుండి వచ్చినదనుటకు ఆధారము లేదు. 14. ముద్ర సరిపోలని యెడల, సదరు పోటీదారు ఇంకను నీటిలోనే ఉన్నట్లు భావించవలెను. 15. పోటీదారు నీటిలో ఉన్నంతకాలము కొలనులోని నీరు తోడరాదు, కొలను మూయరాదు, పూడ్చరాదు.'

"పదిహేను అద్భుతంగా ఉంది. మానవత్వం ఉట్టిపడుతోంది" అన్నారు కమిషనరు గారు.

రిహార్సల్‌లో ప్రతి మునకకీ ఒక ముద్ర వేయించాలని చూశారు. మాణిక్యం గారు మునిగి, లేచి, గట్టుకి ఈదుకొచ్చి వేలు పెడితే, సర్వర్ పని చేయడం లేదని యంత్రం చెప్పింది. సర్వర్ కోసం నీళ్ళలో వేలాడుతూ ఎదురుచూశారు. మూడు నిమిషాల నాట్యానికి గంటా పది నిమిషాలు పట్టింది. ఒక్క ముద్రా పడలేదు. కమిషనరు గారు విసుగెత్తి, చివర్లో ఒక్క ముద్ర చాలని ఉదారంగా సడలించారు.

పోటీ రోజు వచ్చింది. గేటు లోపల షామియానా, సన్నాయి మేళం, నాలుగొందల కుర్చీలు. గేటు బయట ఎర్రమట్టి నింపుకుని వరసగా పన్నెండు లారీలు. పోటీ అవగానే, చప్పట్లు ఆగకముందే మొదటి లారీ మట్టి పోయాలని ముహూర్తం పెట్టారు.

పదకొండో నిబంధన ప్రకారం పోటీదారు కనీసం గంటసేపు ముందుగా నీళ్ళలో ఉండి ఒళ్ళు అలవాటు చేసుకోవాలి. మాణిక్యం గారు తొమ్మిదింటికే దిగారు. పాదాలకి పారాణి పెట్టుకున్నారు. తలకిందులైనప్పుడు జనానికి కనబడేవి పాదాలే కదా, అందుకని. పది గంటలకి రావలసిన ముఖ్య అతిథి పదకొండున్నరకి వచ్చారు. వచ్చి, జ్యోతి వెలిగించి, వేదిక మీద ఉన్న పద్దెనిమిది మందికీ ఒకరి తరవాత ఒకరికి శాలువాలు కప్పి, వృద్ధులని నిరీక్షణలో ఉంచడం మన సంస్కృతి కాదని ముప్పావు గంట మాట్లాడారు. మాణిక్యం గారు మూడున్నర గంటలు నీళ్ళలోనే ఉన్నారు. పక్కనే లైఫ్ జాకెట్టు తొడుక్కుని, లేనట్లు భావించబడుతూ నూకరాజు తేలుతున్నాడు.

"అమ్మగారండీ, నా వేళ్ళు చూడండి, నానబెట్టిన శనగల్లా అయిపోయినయ్యి" అన్నాడు.

మాణిక్యం గారు తన వేళ్ళు చూసుకోలేదు. ఆవిడ చూపు గేటు బయట లారీల మీద ఉంది.

వీణ మొదలైంది. ఎస్తేరు రాణి టేపులో పట్టి తెచ్చిన మోహన రాగం.

మొదటి మునకకి అంబులెన్సు సైరన్ కుయ్యిమంది. రెండో మునకకి మోగలేదు. డ్రైవరు నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. నీళ్ళ మీద ముందు రెండు చేతులు లేచాయి, తరవాత మొహం, తరవాత ఏమీ లేదు. ఏమీ లేని చోట్నించి ఎర్రటి పారాణి పాదాలు రెండు మెల్లగా పైకొచ్చాయి. మోకాలు మడిచి, చాపి, ఒక పాదంతో ఇంకో పాదాన్ని అందుకుని, వీణ మీద మెట్టు మారినప్పుడల్లా మడమ తిరిగింది. గేటు నుంచి కొలను దాకా రావడానికి పావుగంట పట్టిన కాళ్ళవి. నాలుగొందల కుర్చీల్లో ఒక్కటి కిర్రుమనలేదు. కమిషనరు గారు శాలువా కొసతో కళ్ళు తుడుచుకున్నారు. మాణిక్యం గారికి మాత్రం ఎవరూ గుర్తులేరు. లారీలు కూడా గుర్తులేవు. ఒళ్ళంతా సంతోషం నిండిపోయి, ఈ మూడు నిమిషాలూ నావేనని నీళ్ళలోపల నవ్వుకున్నారు.

వీణ ఆగింది. ఆవిడ వెల్లకిలా తేలి, ఊపిరి తీసుకుని, ముప్పై నాలుగేళ్ళ అలవాటు కొద్దీ అనేశారు: "మూడు నిమిషాలయ్యాయండీ."

చప్పట్లు మిన్నంటాయి. ఎస్తేరు రాణి చెయ్యిచ్చి గట్టెక్కించి, తువ్వాలు కప్పి, చేతికర్ర అందించింది. మాణిక్యం గారు యంత్రం ముందుకు వెళ్ళి బొటనవేలు పెట్టారు.

'వివరాలు సరిపోలలేదు' అంది యంత్రం.

చూపుడువేలు పెట్టారు. సరిపోలలేదు. ఎడమ చెయ్యి. సరిపోలలేదు. పది వేళ్ళూ అయ్యాయి. మూడున్నర గంటలు నానిన వేళ్ళ మీద గీతలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. తువ్వాలుతో గట్టిగా తుడవబోతే భీమశంకరం గారు చెయ్యి అడ్డం పెట్టారు. "ఆరిన వేలు చెల్లదమ్మా." గడియారం చూసి, ఐదు నిమిషాలు నిండేదాకా ఆగి, రిజిస్టరు తెరిచి, ఎర్ర సిరాతో రాసుకున్నారు.

కమిషనరు గారు పతకం పట్టుకుని ముందుకొచ్చారు. భీమశంకరం గారు ఆయన చెవిలో చెప్పారు.

"ఇవ్వడానికి వీల్లేదు సార్. పోటీదారు ఇంకా నీటిలోనే ఉన్నారు."

"ఇదిగో, ఆవిడ నా ఎదురుగా ఉన్నారు కదయ్యా!"

"మీ ఎదురుగా ఒక మహిళ ఉన్న మాట వాస్తవం సార్. ఆవిడే పోటీదారని ధ్రువీకరణ కాలేదు."

"ఆ నీళ్ళలో ఎవరున్నారయ్యా? నూకరాజు తప్ప పురుగు లేదు!"

"నూకరాజు లేడు సార్. ఏడో నిబంధన."

మాణిక్యం గారు కుర్చీలో కూలబడ్డారు. పతకం రానందుకు కాదు. అంత ఆనందం అనుభవించి పైకొస్తే, నువ్వు నువ్వు కాదన్నారే అని మనసు చివుక్కుమంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పటికే గేటు తెరుచుకుంది. మొదటి లారీ వెనక్కి నడుస్తూ, పీ పీ అని కూస్తూ, కొలను గట్టు దాకా వచ్చి వెనక తలుపు ఎత్తింది.

"ఆపండి!" అని కేక పెట్టారు ఎవరో. అందరూ తిరిగి చూశారు. ఆ కేక భీమశంకరం గారిది. ఆయన జీవితంలో గొంతెత్తడం అదే మొదటిసారి.

"నీటిలో మనిషి ఉండగా మట్టి పోస్తారా? పదిహేనో నిబంధన ఏమైంది? రేపు ఆడిట్లో అడిగితే, పోటీదారుని సజీవంగా పూడ్చామని రాయాలా?"

కమిషనరు గారి మొహం ఎర్రబడింది. "అయితే ఆ నిబంధన మార్చెయ్! ఇప్పుడే, ఇక్కడే!"

"పోటీ జరుగుచుండగా నిబంధనలు మార్చరాదని రెండో నిబంధన సార్. పోటీదారు నీటిలో ఉన్నారు గనుక, పోటీ ఇంకా జరుగుతూనే ఉంది."

ముఖ్య అతిథి ఇదంతా విని, కొలను వైపు చూసి, చేతులు జోడించి, ఆ తల్లి క్షేమంగా రావాలని ప్రార్థిస్తున్నానని మైకులో చెప్పి వెళ్ళిపోయారు. లారీలు వచ్చిన దారినే తిరిగి వెళ్ళాయి.

ఎస్తేరు రాణికి నవ్వు ఆగడం లేదు. కొంగు నోట్లో కుక్కుకుని, పచ్చ అట్ట పుస్తకం మాణిక్యం గారి ఒళ్ళో పెట్టి, పదిహేనో నిబంధన మీద వేలు పెట్టి చూపించింది. "చదవ్వే మొద్దూ, మళ్ళీ చదువు. నువ్వెన్నాళ్ళు ఆ నీళ్ళలో ఉంటే అన్నాళ్ళూ వీళ్ళు చచ్చినా పూడ్చలేరు."

మాణిక్యం గారు చదివారు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చదివారు. తరవాత కర్ర పట్టుకుని లేచి, భీమశంకరం గారి దగ్గరికి వెళ్ళి, ఎంతో వినయంగా అడిగారు.

"ఇప్పుడు నేనేం చేయాలండీ?"

"రేపు వచ్చి, నీటిలో నుండి వెలువడి, వేలిముద్ర వేయాలమ్మా. ఒక్క మునక వేసి వెంటనే లేచి వేసేయండి, గొడవ వదిలిపోతుంది."

"అలా ఎలాగండీ? గంటసేపు నీళ్ళలో ఉంటే గాని కుదరదని మీ పదకొండో నిబంధనలోనే ఉంది కదండీ. తప్పుతామా ఏంటి?"

భీమశంకరం గారి మనసు పొంగిపోయింది. ఇన్నేళ్ళ సర్వీసులో తన నిబంధనని ఇంత శ్రద్ధగా చదివిన మనిషి ఆయనకి తారసపడలేదు. "రోజూ రండమ్మా. ముద్ర పడేదాకా రండి" అన్నారు.

మర్నాడు ఆరింటికి మాణిక్యం గారు వచ్చారు. గంటసేపు, చాలకపోతే ఇంకో అరగంట నాట్యం చేశారు. గట్టెక్కి వేలు పెట్టారు. సరిపోలలేదు. 'నీటిలోనే ఉన్నారు' అని రిజిస్టరులో రాశారు. ఆ మర్నాడూ అంతే. నెల తిరిగేసరికి, ఒక పౌరురాలు నెల రోజులుగా నీళ్ళలో ఉంటే ఏ చర్య తీసుకున్నారని పైఆఫీసు నుంచి తాఖీదు వచ్చింది. భీమశంకరం గారు వెంటనే గాలింపు బృందం ఏర్పాటు చేశారు. కొలను లోతుపాతులు తెలిసినవాళ్ళు కావాలని ప్రకటిస్తే, పోటీ నుంచి రాలిపోయిన పదిమందే దరఖాస్తు పెట్టుకున్నారు. ఈసారి నీళ్ళలో దిగడానికి కారణం గడిలో 'ఇతరులను రక్షించుట' అని రాశారు. ఆరో నిబంధన అడ్డొస్తే, ప్రాణరక్షకుల కింద లెక్కేసి అన్నీ మంజూరు చేశారు.

అప్పట్నుంచి రోజూ పొద్దున్న పదిమందీ మాణిక్యం గారిని గాలించేవారు. షుగరు గురించీ, కోడళ్ళ గురించీ మాట్లాడుకుంటూ గాలించేవారు. మధ్యలో మాణిక్యం గారు తగిలితే, "కొంచెం జరగవే, నీ కోసం వెతుకుతున్నాం" అనేది ఎస్తేరు రాణి. నూకరాజు జాకెట్టు విప్పేసి, ఆ గట్టు నుంచి ఈ గట్టుకి ఈదడం నేర్చుకున్నాడు. పోటీ జరుగుతూనే ఉంది గనుక అతను ఇంకా లేనట్లే లెక్క.

నవంబరు వచ్చింది. మాణిక్యం గారు పొడి చేతులతో ట్రెజరీ ఆఫీసుకి వెళ్ళి వేలు పెడితే ఒక్కసారికే ముద్ర పడింది. సజీవంగా ఉన్నట్లు కాగితం ఇచ్చారు. ఆ సంగతి కమిషనరు గారికి తెలిసి, గెంతులేసుకుంటూ భీమశంకరం గారి దగ్గరికి వచ్చారు. "ఇదిగో రుజువు! ఆవిడ బ్రతికే ఉంది!"

"చాలా సంతోషం సార్" అన్నారు భీమశంకరం గారు. రిజిస్టరు తెరిచి, 'నీటిలోనే ఉన్నారు' అన్న మాటకి ముందు 'సజీవంగా' అని చేర్చారు.

కమిషనరు గారు ఆ నెలాఖరుకే బదిలీ చేయించుకుని కొలనులు లేని ఊరికి వెళ్ళిపోయారు. ఆయన స్థానంలో ముప్పై ఏళ్ళ అమ్మాయి వచ్చింది. వచ్చిన వారానికి ఆ ఫైలు ఆవిడ టేబులు మీదికి చేరింది. చదివి, నమ్మలేక, మర్నాడు పొద్దున్నే చెప్పాపెట్టకుండా కొలను దగ్గరికి వచ్చింది. గట్టున ఎవరూ లేరు. నీళ్ళలో పదిమంది పెద్దవాళ్ళు కబుర్లు చెప్పుకుంటున్నారు. దగ్గర్లో తెల్ల జుట్టావిడ ఒకరు వెల్లకిలా తేలుతూ, కళ్ళు మూసుకుని ఏదో రాగం తీస్తున్నారు.

కొత్త కమిషనరు గట్టున గొంతుక్కూర్చుని, గొంతు తగ్గించి అడిగింది. "అమ్మా, ఈ కొలనులో కనకమాణిక్యం అని ఒకావిడ ఎనిమిది నెలలుగా ఉన్నారట. ఆవిడ సంగతి మీకేమైనా తెలుసా?"

మాణిక్యం గారు కళ్ళు తెరిచి, ఆ అమ్మాయి మొహంలో నిజమైన కంగారు చూశారు. అబద్ధం చెప్పాలనిపించలేదు.

"ఆయ్, తెలుసండి. చాలా బాగున్నారు. మోకాళ్ళ నొప్పులు కూడా లేవట" అన్నారు. "ఒక్క మూడు నిమిషాలు ఉండండి, పిలుస్తాను."

అని, ప్రమాదవశాత్తు మునిగారు.